దిగిపొమ్మనడం మర్యాదా?



జబ్బుపడ్డ ఆర్కెస్ట్రా కండక్టర్లు వేదిక దిగిపోవడమే మర్యాద అని గత సంచికలో రాసిన వ్యాసకర్తతో నేను ఏకీభవించలేను. శ్రుతి, లయ తప్పితే ఆపమనండి, ఒప్పుకుంటాను. నీరసించిన ఒంటిని చూసి మాత్రం కాదు.

కండక్టర్ క్లాడియో అబ్బాడో సంగతే చూడండి. 2000లో కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. మనిషి చిక్కి సగమయ్యారు. అయినా 2003లో స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో ఉత్సవ ఆర్కెస్ట్రాను కొత్తగా కూర్చి, స్వరకర్త మాలర్ రెండో సింఫనీ వాయింపించారు. అక్కడే 2010లో జరిగిన తొమ్మిదో సింఫనీ ముగింపు వీడియోను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తీగ వాద్యాలు వినీ వినపడనంత సన్నగా ఆగిపోతాయి. రెండు నిమిషాల పాటు చప్పట్ల జాడ ఉండదు, హాలంతా ఊపిరి బిగబట్టినట్టు. ఆ నిశ్శబ్దాన్ని పట్టి నిలిపింది కండబలమా?

పక్షవాతం వచ్చాక మా నాన్నగారు ఎడమచేత్తో మంచం పట్టె మీద ఆదితాళం వేసేవారు. అలసిపోతారని ఆపిన రోజున అన్నం ముట్టలేదు. మళ్లీ ఎప్పుడూ ఆపలేదు మేము.

అబ్బాడో చివరి కచేరీ 2013 ఆగస్టులో. కన్నుమూసింది మరుసటి జనవరిలో.

– ఒక పాఠకురాలు, విజయనగరం