ఇంటి లెక్కలు: మూడు వందల రూపాయల సాయంత్రం

నెల మొదట్లో వేసుకునే లెక్కలో పాలవాడు ఉంటాడు, పిల్లల ఫీజులు ఉంటాయి, ఇంటి లోను కంతు ఉంటుంది. ఆలుమగలు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే గంటకు మాత్రం పద్దు ఉండదు. అడిగితే "బయటికెళ్తే ఎంతవుతుందో మీకు తెలియనిదా అండీ!" అంటారు. నిజమే. మా బెంగళూరులో ఇద్దరు ఆటోలో వెళ్లి, సినిమా చూసి, హోటల్లో తిని వచ్చేసరికి జేబు తేలికవుతుంది. అయితే బయటికే వెళ్లాలని ఎవరన్నారు?

శ్రీరమణ గారి 'మిథునం' కథ మీలో చాలామంది చదివే ఉంటారు. 2012లో తనికెళ్ల భరణి గారు సినిమాగా కూడా తీశారు. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే పాత్రధారులు. ఆ ముసలి దంపతుల ముచ్చట్లన్నీ పెరట్లోను, వంటింట్లోను, తిండి దగ్గరి తగవుల్లోను జరిగిపోతాయి. ఖర్చు ఏమంత ఉంది?

మనకు అంత పెరడు లేదు కాబట్టి కొంచెం ఏర్పాటు కావాలి.

మొదట తేదీ. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో శనివారం సెలవు. మీరూ ఆ రోజే పెట్టుకోండి. గుర్తుంచుకోవడం తేలిక.

తర్వాత వంట. రోజూ వండే మనిషి ఆ పూట వండకూడదు. మగవారికి పెసరట్టు అనుకూలం. గ్లాసు పెసలు, గుప్పెడు బియ్యం ఉదయం నానబెట్టి, సాయంత్రం అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బితే చాలు. పిండి పులియనక్కర్లేదు కాబట్టి కొత్తవారికీ చెడదు. మొదటి అట్టు పెనానికి అంటుకుంటే నవ్వుకోవచ్చు, అదీ లాభమే.

ఇక చోటు. రెండు గదుల ఇంట్లో పెద్దలు, పిల్లలు ఉంటారు. ఎనిమిదింటికల్లా వాళ్లకు వడ్డించి, చాప తీసుకుని మేడ మీదికి వెళ్లండి. దొంగతనంగా వద్దు, చెప్పే వెళ్లండి. అత్తగారితో ఆ మాట అనడానికి కోడలు మొహమాటపడుతుంది. కొడుకే చెప్పాలి.

ఖర్చు చూద్దాం. మల్లెపూలకు 60, పెసరట్టు సరుకులకు 80, మిఠాయికి 100, రెండు కిళ్లీలకు 60. మొత్తం 300 రూపాయలు. మీ ఊరి ధరను బట్టి కాస్త అటూఇటూ. పెళ్లి ఆల్బమ్ ఇంట్లోనే ఉంది. ఘంటసాల పాట సెల్‌ఫోన్‌లో పెట్టి, దాన్ని బోర్లించేయండి.

రెండే నియమాలు. లోను, మార్కులు, బదిలీ మాటలు ఆ గంటలో రాకూడదు. రెండోది, మాట్లాడేది తెలుగులోనే. పగలంతా వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, పిల్లలతో ఇంగ్లీషు. ఇంట్లో ఒకరినొకరు పిలుచుకునే ముద్దుపేరు వాటిలోకి తర్జుమా కాదు. ఆ పేరుతో పిలిచి ఎన్నాళ్లయిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

పిల్లలు చదువులకు వెళ్లిపోయాక, రిటైరయ్యాక తీరిక దానంతటదే వస్తుందంటారు. తీరిక వస్తుంది. ఇరవై ఏళ్లు పాలు, ఫీజులు తప్ప వేరే మాటే లేనివారికి అప్పుడు మాట ఎక్కడినుంచి వస్తుంది? రికరింగ్ డిపాజిట్ లాంటిదే ఇదీ. నెలనెలా కొంచెం వేస్తేనే గడువు నాటికి చేతికి వచ్చేది.

జాయింటు ఖాతా ఫారంలో 'ఐదర్ ఆర్ సర్వైవర్' అనే మాట చూసే ఉంటారు. ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు డబ్బు తీసుకోవచ్చని అర్థం. డబ్బుకు ఆ సదుపాయం ఉంది. ఈ సాయంత్రాలకు లేదు. ఇద్దరూ ఉండగానే వాడుకోవాలి.

వచ్చే రెండో శనివారానికి క్యాలెండర్లో ఇప్పుడే గుర్తు పెట్టండి. పెసలు ఉదయమే నానబెట్టాలి సుమండీ!