1,250 అడుగుల ఫ్లాట్‌లో 850 అడుగుల ఇల్లు

మా చిన్నాయన బత్తలపల్లిలో బేల్దారి. ముప్పై ఏళ్లుగా గోడలు లేపుతున్నాడు. కొడుకేమో బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. పోయిన నెల వాడు ఫోన్ చేసి, "నాయనా, ఫ్లాట్ చూసినా, టూ బీహెచ్‌కే, 1,250 ఎస్‌ఎఫ్‌టీ, 70 లక్షలు. నువ్వొకసారి వచ్చి చూడు" అన్నాడు. చిన్నాయన బస్సెక్కాడు. చేతిసంచిలో ఒక లుంగీ, ఒక టవలు, ఒక టేపు.

సేల్స్ కుర్రాడు లిఫ్టులో తీసుకెళ్లి ఏసీ వేసి కూర్చోబెట్టాడట. చిన్నాయన కూర్చోలేదు. హాలు కొలిచాడు, రెండు బెడ్‌రూములు కొలిచాడు, వంటిల్లు, బాత్‌రూములు, మధ్యలో నడవా. అన్నీ కాగితం మీద రాసి కూడితే 830. మళ్లీ కూడాడు. మళ్లీ 830.

"ఏరా, మిగతా నాలుగొందల ఇరవై యాడుందిరా?"

అప్పుడు నాకు ఫోన్ చేశారు. ఆ ఫోన్‌లో చెప్పిందే ఇక్కడా చెప్తున్నా. ఎందుకంటే మీలో చాలామంది ఈ ఏడాదో వచ్చే ఏడాదో ఇరవై ఏళ్ల లోన్ మీద సంతకం పెట్టబోతున్నారు.

మన సీమలో చెనక్కాయలు అమ్మినోళ్లకి ఇది కొత్తేం కాదు. మంచి కాయైతే క్వింటా కాయలు కొడితే 70 కేజీల దాకా పప్పొస్తుంది. మిగతాది పొట్టు. వ్యాపారి కాయ తూకం చెప్తున్నాడా, పప్పు తూకం చెప్తున్నాడా అని అడక్కుండా ఏ రైతూ బేరం మాట్లాడడు. ఫ్లాట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చదువుకున్నోళ్లమంతా కాయ తూకానికే తలూపేస్తాం.

ఆ పప్పు పేరు కార్పెట్ ఏరియా. అంటే బయటి గోడల లోపల మనం వాడుకునే నేల. 2016లో వచ్చిన రెరా చట్టం దీనికి లెక్క కట్టి పెట్టింది: బయటి గోడలు కలపకూడదు, పైపులు పోయే షాఫ్టులు కలపకూడదు, మన బాల్కనీ, మన ఓపెన్ టెర్రస్ కూడా కలపకూడదు. కానీ ఇంటి లోపల గదికీ గదికీ మధ్య ఉండే గోడలు కలపొచ్చు. చిన్నాయన లెక్క తేడా ఇక్కడే. ఆయన గోడ నుంచి గోడకి నేల మాత్రమే కొలిచాడు కాబట్టి 830. లోపలి గోడలు ఇంకో 20. బిల్డర్ రెరాకి ఇచ్చిన కాగితంలో ఉన్నది 850. ఈ 20 అడుగుల దగ్గర మోసం లేదు, చట్టం అలా ఉందంతే. (భారతీయ ప్రమాణాల సంస్థ వాళ్ల ఐఎస్ 3861 కొలతలో అయితే గోడల మందం కార్పెట్ ఏరియాలోకి రాదు. ఒకే పేరు, రెండు లెక్కలు. అందుకే "కార్పెట్ ఎంత?" అని కాదు, "రెరా కార్పెట్ ఎంత?" అని అడగండి.)

దానికి బయటి గోడలు, బాల్కనీ, గిన్నెలు తోముకునే యుటిలిటీ కలిపితే ఈ ఫ్లాట్‌కి 1,000 అయింది. అది బిల్టప్, పాతవాళ్ల మాటలో ప్లింత్ ఏరియా. దాని మీద మెట్లు, లిఫ్టు, వరండాలు, కింద లాబీ, క్లబ్ హౌస్‌లో మన వాటా అంటూ ఇంకో 250 వేశారు. అదే సూపర్ బిల్టప్, 1,250. మొదటి మూడింటికీ ఎంతోకొంత కొలత ఉంది. సూపర్ బిల్టప్‌కి మాత్రం రెరా చట్టంలో నిర్వచనమే లేదు. వాటా ఎంత వెయ్యాలన్నది బిల్డర్ ఇష్టం. ఒకడు 20 శాతం వేస్తాడు, ఇంకొకడు 30 వేస్తాడు, బ్రోచర్‌లో ఇద్దరిదీ ఒకే సైజు అక్షరాల్లో ఉంటుంది.

మావాడు దీనికి సమాధానం ఒకటి చెప్పాడు: "రేటు తక్కువే కదన్నా, అడుగు 5,600. పక్క అపార్ట్‌మెంట్‌లో 5,900 చెప్తాండారు." సరే, ఫోన్ తీసి భాగించమన్నా. 70 లక్షల్ని 850తో భాగిస్తే అడుగు 8,235 రూపాయలు. పక్కది 1,180 అడుగులు, 5,900 లెక్కన 69 లక్షల 62 వేలు. అందులో రెరా కార్పెట్ 885. అంటే అడుగు 7,867. రేటు ఎక్కువ చెప్పినవాడి దగ్గరే ఇల్లు పెద్దది, ధర తక్కువ! మావాడు కాసేపు మాట్లాడలేదు.

ఇంకో సంగతి. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ కూడా చాలా చోట్ల ఈ పెద్ద అంకె మీదే వేస్తారు. అంటే లాబీలో మన వాటాకి ఒకసారి కొనేటప్పుడు కడతాం, తర్వాత ఉన్నన్నాళ్లూ కడుతూనే ఉంటాం.

రెరా కార్పెట్ కనుక్కోవడానికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు. రిజిస్ట్రేషన్ చేసుకునేటప్పుడే ఏ రకం ఫ్లాట్లు ఎన్ని, ఒక్కోదాని కార్పెట్ ఎంత, బాల్కనీ ఎంత అని బిల్డర్ విడివిడిగా చెప్పాలి. ప్రాజెక్టు బెంగుళూరులో ఉంటే కర్ణాటక రెరా సైటు, అనంతపురంలోనో ధర్మవరంలోనో ఉంటే ఏపీ రెరా సైటు. బ్రోచర్ మీదున్న రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి చూడండి. ఒక్క చిక్కుంది: 500 చదరపు మీటర్లకి మించని స్థలంలోనో, ఎనిమిదికి మించని ఫ్లాట్లతోనో కడితే రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన చిన్న ఊళ్లలో చాలా కట్టడాలు అలాంటివే. అక్కడ మీకు దిక్కు చిన్నాయన టేపే.

డబ్బు దగ్గర కూడా మావాడు తొందరపడబోయాడు. బుకింగ్‌కే 20 శాతం అడిగారట, అంటే 14 లక్షలు. ఊళ్లో చేను అమ్మిన డబ్బది. రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అమ్మకం ఒప్పందం రాసుకుని రిజిస్టర్ చేయకముందు పదిశాతానికి మించి తీసుకోకూడదు. ఆ ఒప్పందంలో రాయాల్సింది కార్పెట్ ఏరియానే. కట్టాక తగ్గితే ఆ మేరకు డబ్బు వెనక్కివ్వాలని రెరా నమూనా ఒప్పందంలో ఉంటుంది. మీకిచ్చే కాగితంలో ఆ పేరా ఉందో లేదో చూసుకోండి.

చిన్నాయనకి ఇదంతా చెప్పాక ఆయన అడిగింది ఒకటే: "మరి భూమి ఎంతొస్తుంది?" నిజానికి మొదట అడగాల్సిన ప్రశ్న అది. గోడలు పాతబడతాయి, నేల పాతబడదు. ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌లో అవిభాజ్య వాటా అని ఒక అంకె ఉంటుంది, యూడీఎస్ అంటారు. 1,200 గజాల్లో ఒకే సైజు ఫ్లాట్లు 40 ఉంటే, వాటా 30 గజాలు. అంటే 270 చదరపు అడుగులు. బత్తలపల్లిలో చిన్నాయన ఇల్లున్నది మూడు సెంట్లలో, సుమారు 1,307 చదరపు అడుగులు. ఆ లెక్క విని ఆయన గట్టిగా నవ్వాడు. మావాడు నవ్వలేదు.

మొదటి ఫ్లాట్ వదిలేశారు. పక్కదాని ఒప్పందం కాగితాలు సోమవారం ఇస్తామన్నారట. చిన్నాయన ఇంకా ఊరికి రాలేదు, వాడి రూములోనే ఉన్నాడు. రాత్రి ఫోన్ చేస్తే, ఆ 885 అడుగులు తాను కొలవందే సంతకం పెట్టనియ్యనని చెప్పాడు.