నిధి మీది, కబురు కలెక్టరుకి
పాత క్రయ దస్తావేజు ఏది తిరగేసినా ఒకటే వరస: ‘నిధి నిక్షేప జల తరు పాషాణాది అష్టభోగ తేజస్వామ్యాలతో, దాన విక్రయాది సర్వహక్కులతో, పుత్ర పౌత్ర పారంపర్యంగా’. వినసొంపుగానే ఉంటుంది. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, వేరేగా రాసుకుంటే తప్ప, అమ్మేవాడికున్న హక్కులన్నీ చెట్టూ చేమతో సహా కొన్నవాడికే దఖలు పడతాయి. మళ్లీ ఈ జాబితా ఎందుకు? ఇక నిధి సంగతంటారా, పది రూపాయలకు మించి విలువైన లంకెబిందెలు దొరికితే కలెక్టరుకు తెలియజేసి తీరాలని 1878 చట్టం. అవి ఎవరికి చెందాలో తేల్చేదీ అదే. తనది కానిదాన్ని కూడా దస్తావేజు ధారాళంగా ధారపోస్తోంది! ఈ దండకం కత్తిరించి, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు తప్పుల్లేకుండా రాయాలి. కొన్నవాడిని చాలాసార్లు కోర్టు మెట్లెక్కించేది ఆ హద్దుల గొడవే.