దేశం ఎటు పోతోందని అడిగేవారికి

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడితే చాలు, తెలుగువారు ఏ నలుగురు కలిసినా ఒకటే ప్రశ్న: ఈ దేశం ఎటు పోతోంది? ఒకరికి వీసాల దిగులు, ఒకరికి ధరల దిగులు, ఇంకొకరికి బడికెళ్ళిన పిల్లలు క్షేమంగా ఇల్లు చేరతారా అన్న దిగులు. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేతలో ఒక తెలుగు ఇంజనీరు తుపాకీ గుండుకు బలైననాడు ఆ భయం మన గడప తొక్కింది. 2021 జనవరి 6న కాపిటల్ భవనం మీదికి మూక ఎగబడటం చూశాక, ఓట్ల లెక్క అయినా నిలుస్తుందా అన్న అనుమానం చాలామంది మనసుల్లో నాటుకుంది. ఒకే ఇంట్లో అన్న ఒక పార్టీ, తమ్ముడు ఇంకో పార్టీ. ఉండనివ్వండి. ఏ పార్టీని గెలిపించాలో చెప్పడానికి ఇది రాయడం లేదు. చెయ్యెత్తి పౌరసత్వ ప్రమాణం చేసిన మనందరి బాధ్యత గురించి రాస్తున్నాను.

ఆ ప్రమాణం చేసే అవకాశం ఒకప్పుడు మనవాళ్ళకు లేదు. భగత్ సింగ్ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అయినా ఆయన తెల్లవాడు కాడు కనుక పౌరుడు కాలేడని 1923లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు కొందరి దగ్గర నుంచి దాన్ని తిరిగి లాక్కున్నారు. 1946లో చట్టం మారేదాకా ఇంతే. ఆ మార్పు కోసం పాటుపడినవారిలో దలీప్ సింగ్ సౌంద్ ఒకడు. 1949లో పౌరుడయ్యాడు, 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. చేతికి హక్కు అందిన ఏడేళ్ళలో ఆయన చేసిన పని అది. మనలో ఎందరు పాస్‌పోర్టు రాగానే దాన్ని ప్రయాణాల కోసమే అనుకుని బీరువాలో పెట్టేశాం?

1965ను కూడా తలుచుకోవాలి. మార్చి 7న అలబామాలోని సెల్మాలో, ఓటు హక్కు అడుగుతూ వంతెన దాటుతున్న నల్లజాతి ప్రజల మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. పాతికేళ్ళ జాన్ లూయిస్ తల పగిలింది. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. రెండు నెలలైనా తిరగకముందే, అక్టోబరు 3న, కొత్త వలస చట్టం మీద కూడా ఆయనే సంతకం చేశాడు. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఈ దేశానికి వచ్చింది ఆ రెండో చట్టం తెరిచిన దారినే. జాతి భేదం మీద దేశమంతటా రేగిన పోరాటంలోంచే ఆ రెండూ పుట్టాయి. ఎవరో కార్చిన నెత్తురు ఫలంలో మనకూ వాటా ఉంది. ఆ రుణం ఇంట్లో కూర్చుంటే తీరదు.

నా ఒక్క ఓటుతో ఏమవుతుంది అనేవారికి 2000లో ఫ్లోరిడాను చూపిస్తాను. దేశాధ్యక్షుడెవరో అక్కడ 537 ఓట్ల తేడాతో తేలింది. సంక్రాంతి సంబరాలకు మన సంఘం ఒక్క హాల్లో అంతకంటే ఎక్కువమందిని కూర్చోబెడుతుంది. 2020లో జార్జియాలో తేడా 11,779. ఆల్ఫరెట్టా, కమ్మింగ్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు ఎన్ని ఉన్నాయో తెలిసినవారికి ఈ అంకె గురించి ఇంక చెప్పనక్కర్లేదు.

మా రాష్ట్రం ఫలితం ముందే తెలుసు కదా అని కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉన్నవారు అనవచ్చు. బ్యాలెట్‌లో అధ్యక్షుడి పేరు కింద ఇంకా ఎన్ని పేర్లుంటాయో చూడండి. కాంగ్రెస్ సభ్యుడు, రాష్ట్ర శాసనసభ్యుడు, చాలాచోట్ల షెరీఫ్, జడ్జి, స్కూల్ బోర్డు కూడా. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి వేచి ఉన్న మన తమ్ముళ్ళను, చెల్లెళ్ళను తలుచుకోండి. ఆ గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ ఏటా ఏడు శాతం మించకూడదన్న నియమమే వాళ్ళ నెత్తిన కూర్చుంది. ఆ నియమం చట్టంలో ఉంది, దాన్ని మార్చాల్సింది కాంగ్రెస్. వైట్‌హౌస్‌లో ఎవరుంటారన్నదాని మీద రాత్రంతా వాదించుకుని, మన జిల్లా కాంగ్రెస్ సభ్యుడి పేరు కూడా తెలియకపోతే ఆ వాదన ఎవరికి పనికొచ్చింది? ఆ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పన్నులు కడతారు, వాళ్ళకు ఓటు లేదు. వాళ్ళ తరఫున అడగగలిగింది మనమే.

ఇంకొక మాట ఆ తమ్ముళ్ళకే. పౌరసత్వం రానివారు పొరపాటున కూడా ఓటరుగా నమోదు కాకూడదు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో కాగితం ఇస్తే చదివి సంతకం పెట్టండి. ఆ ఒక్క తప్పు మొత్తం భవిష్యత్తుకే ఎసరు పెట్టగలదు.

పెద్దవాళ్ళను ఇంట్లో వదిలేసి పోలింగ్‌కు వెళ్ళకండి. యాభై అయిదేళ్ళు దాటి, పదిహేనేళ్ళు గ్రీన్ కార్డుతో గడిపిన అమ్మలు, నాన్నలు పౌరసత్వ పరీక్షకు దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబులు చెప్పారు. బ్యాలెట్ ఇంగ్లీషులో ఉందని వాళ్ళు జంకుతారు. చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని సాయానికి వెంట తెచ్చుకోవచ్చని ఫెడరల్ చట్టమే చెబుతోంది, యజమాని, యూనియన్ మనిషి తప్ప. పక్కన నిలబడి చదివి వినిపించండి. నిర్ణయం మాత్రం అమ్మదే. మీ పార్టీని ఆమె చేతిలో పెట్టకండి.

వాట్సాప్‌లో వచ్చినదాన్ని కౌంటీ ఎన్నికల కార్యాలయం చెప్పినదానితో సరిచూడకుండా ముందుకు పంపకండి. లెక్క తేలాక మనవాడు ఓడినా, ఆ లెక్కను ఒప్పుకునే ధైర్యం పిల్లల ఎదుటే చూపించండి. 2024లో కమలా హారిస్ కోసం ఆమె తాతగారి ఊరు తులసేంద్రపురం, ఉషా వాన్స్ కోసం ఆమె పూర్వీకుల ఊరు మన వడ్లూరు ఆశగా ఎదురుచూశాయి. ఒక ఊరు సంబరపడింది, ఒక ఊరు చిన్నబుచ్చుకుంది. రెండు ఊళ్ళూ మర్నాడు పనిలోకి వెళ్ళాయి.

లెక్క మీద అనుమానం ఉన్నవారు ఆ లెక్క జరిగే చోటికే వెళ్ళండి. పోలింగ్ కేంద్రాలను నడిపేది మనలాంటి పౌరులే. చాలా రాష్ట్రాల్లో హైస్కూలు పిల్లలు కూడా ఆ రోజు పనిచేయవచ్చు. వచ్చే అధ్యక్ష ఎన్నిక 2028 నవంబరు 7న. ఆ మంగళవారానికి సెలవు పెట్టండి. పోల్ వర్కర్ దరఖాస్తు కౌంటీ కార్యాలయంలోనే దొరుకుతుంది. మీ పేరు రాయండి, మీ అమ్మాయి చేత రాయించండి, ఈ వారాంతం భోజనాలకు కలిసినప్పుడు ఆ బల్ల చుట్టూ ఉన్న ప్రతి పౌరుడి చేతా రాయించండి.