తలమీంచి పోయిన పాఠం

రాకెట్ పోతోందంటే మా సూళ్లూరుపేటలో మిద్దెలెక్కుతాం. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి లేచింది ఎడ్యుశాట్, అచ్చంగా చదువు కోసమే దేశం పంపిన మొదటి ఉపగ్రహం. బడికి దూరమైన బిడ్డకు పాఠం దగ్గరవుతుందన్నారు. 2010లో దాని పని అయిపోయింది. అది లేచిన దీవి చుట్టూ ఉన్న యానాది గూడేల్లో మాత్రం చదువు ఇప్పటికీ అక్షరాలా దూరవిద్యే!

ఉపగ్రహాన్ని తిట్టి లాభం లేదు. ఎక్కించింది మోస్తుంది. మనమేం ఎక్కించాం?

మా పక్కనున్న పులికాట్ గురించి మన భూగోళం అడిగేది ఒకటే ముక్క: దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఏది? ఒక మార్కు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఎందుకు పూడుతోంది, పూడితే వేసవికి సరస్సు ఎందుకు నెర్రెలిస్తుంది, మేం శ్రీహరికోటకు పోయే రోడ్డు నీటి నడకను ఎక్కడ అడ్డుకుంది, ఇవి అడగరు. వల భుజానేసుకున్న తాతకు తెలుసు. పాఠ్యపుస్తకం ఆయన్ని ఎరగదు.

మా దగ్గరి నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని లేపుతాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లు పైరుకు ఎరువని ఆ ఊరి రైతులు తరాలుగా పిట్టల జోలికి పోరు. సుస్థిరత అంటూ నోరు తిరగని పేరు పెట్టి నేర్పేది ఇదే కదా? పక్షుల పేరిట ఫ్లెమింగో పండగకు స్టేజీ కడతాం, ఆ రైతు చేతికి మైకు ఇవ్వం.

2020లో కరోనా వచ్చి టీవీలో, ఫోన్లో పాఠాలు నడిచాయి. ఫోను లేని ఇళ్ల గురించి అందరూ మాట్లాడారు. చూపు లేని పిల్లాడి మాటేమిటి? తెర మీద మాస్టారు పటం చూపించి ‘ఇదిగో, ఇక్కడ’ అంటారు. ఎక్కడ సార్? పరీక్షలో అలాంటి పిల్లలకు పటం బదులు వేరే ప్రశ్న ఇస్తారు. దాన్ని దయ అంటున్నారు. నేను వెలి అంటాను. అట్ట మీద తీరం పొడుగునా పురికొస అంటించండి, దీవి చోట జిగురు పూసి ఇసుక చల్లండి, సరస్సును నున్నగా వదిలేయండి. వేలికి పులికాట్ తెలిసిపోతుంది. పోస్టులో పోతుంది, రాకెట్ అక్కర్లేదు.

1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టిన తెలుగువాళ్లం. ఇన్నేళ్లకూ అసైన్‌మెంటు అంటే పుస్తకంలోంచి కాగితం మీదికి ఎత్తిరాయడమేనా? వానకు ముందొకసారి, తర్వాతొకసారి కాళంగి ఏట్లో కర్ర దించి నీళ్లెంతున్నాయో చూడమనండి. రాయలేనివాళ్లు గొంతు రికార్డు చేసి పంపుతారు, వినబడని పిల్లలు సైగలతో వీడియో పంపుతారు. మార్కులు మాత్రం సమానంగా వేయండి.

పాఠాలు తయారుచేసే కమిటీ పెద్దలారా, ఈసారి ఏసీ హాలు మాని అటకానితిప్పకు రండి. యానాదుల పెద్దలు శ్రీహరికోట అడవిని కాలినడకన ఎరిగినవాళ్లు. రాకెట్ కేంద్రం వచ్చాక చాలామంది ఇవతలి ఒడ్డుకొచ్చారు. ఒక రోజు వాళ్ల వెంట నీళ్లలో నడవండి. సాయంత్రం టీఏ, డీఏ లెక్క కట్టేటప్పుడు ‘రిసోర్స్ పర్సన్’ గడిలో వాళ్ల పేర్లు కూడా రాసుకోండి.