గేర్‌బాక్సుకు ఏ ఆయిల్ పోస్తున్నారు?
దేవరకొండ నుంచి డిండి మీదుగా అచ్చంపేట, మన్ననూరు దాకా ఏ ఊరికి పోయినా పాత బొలెరోలు, స్కార్పియోలు, సుమోలు కనిపిస్తాయి. సుమో తయారీ 2019లోనే ఆగిపోయింది. బండ్లు మాత్రం పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు ఇంకా తిరుగుతున్నాయి. ఇంజన్ ఆయిల్ తేదీ గుర్తుంచుకునే ఓనర్లే గేర్‌బాక్సును మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది. గేర్‌బాక్సుకూ, వెనక డిఫరెన్షియల్‌కూ ఒకే డబ్బాలోని ‘నైంటీ ఆయిల్’ పోసే అలవాటు మానాలి. డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి గంధకం, భాస్వరం సమ్మేళనాలు ఎక్కువ కలిపిన జీఎల్-5 గ్రేడు ఆయిల్ వాటికి అవసరం. గేర్‌బాక్సు సంగతి వేరు. అక్కడ గేరు పడేముందు వేగాలను కలిపేవి ఇత్తడి సింక్రో రింగులు. అవే రసాయనాలు వేడిలో ఇత్తడిని తినగలవు, రింగుకు కావలసిన రాపిడినీ తగ్గించగలవు. అందుకే పాత గేర్‌బాక్సుల్లో చాలావాటికి జీఎల్-4 వాడమంటారు. మీ బండికేదో కంపెనీ పుస్తకమే చెబుతుంది, దుకాణదారు కాదు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో మూడు నుంచి రెండుకు దించినప్పుడు గరగరమంటే, ముందు ఆయిల్ దింపించి చూడండి. ఆయిల్ దింపే కింది బోల్టుకు అంటిన మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే. ఆయిల్‌లో బంగారు మెరుపు ఎక్కువైతే రింగులు అరుగుతున్నాయి, ఉక్కు ముక్కలు వస్తే పన్ను విరిగి ఉండొచ్చు. ఎండలు ముదరకముందే ఈ ఆయిల్ మార్పు చేయించండి. పైనున్న ఫిల్లర్ బోల్టు ఊడుతుందని తేలాకే కింది బోల్టు విప్పమనండి.