బొమ్మ సరే, మాటేది?

జపాన్ నిర్మాతల ఒప్పంద పత్రాల్లో ఆదిలాబాద్ జిల్లా బోథ్ ఒక విదేశం. డాలస్, దుబాయ్ కూడా అంతే. ఏ యానిమే (జపాన్ యానిమేషన్) సినిమా ఏ దేశానికి, ఎన్నాళ్లకు, ఏ భాషలో చేరాలో ఆ పత్రాలే తేలుస్తాయి. ఆ లెక్కల్లో తెలుగు ప్రేక్షకుడికి అన్యాయం జరుగుతోంది. తెలుగులో డబ్ చేసి థియేటర్లో టికెట్లు అమ్ముకున్న సినిమా ఓటీటీకి వస్తే అదే తెలుగుతో రావాలి. ఆ సినిమా ఏ దేశంలో దొరికితే ఆ దేశంలో తెలుగు కూడా దొరకాలి. ఇందులో బేరాలకు తావు లేదు.

తెలుగులో గిరాకీ లేదన్న సాకు ఇక చెల్లదు. 2025 సెప్టెంబరు 12న యానిమే సినిమా ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ మన దేశంలో జపనీస్, ఇంగ్లిష్, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ విడుదలైంది. యానిమే ఓటీటీ సంస్థ క్రంచిరోల్ తన సిరీస్‌లను కొంతకాలంగా తెలుగులో డబ్ చేయిస్తోంది. 2011 జనగణన ప్రకారమే మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైమాటే. లాభం లేనిదే ఏ సంస్థా డబ్బింగుకు డబ్బు పెట్టదు.

తెలుగు డబ్బింగు ఆలస్యమైతే ఎంత నష్టమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. యూగో సాకో, కోయిచి ససాకి, మన రామ్ మోహన్ కలిసి దర్శకత్వం వహించిన యానిమే సినిమా ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 1993 జనవరిలో మన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. కథ మనది, పాత్రలు మనవి. అయినా అది తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది 2025 జనవరి 24న. సాకో 2012లో, రామ్ మోహన్ 2019లో కన్నుమూశారు. తమ రాముడు తెలుగు మాట్లాడగా వారు వినలేదు. ఈ 32 ఏళ్లలో ఒక తరం బాల్యం గడిచిపోయింది.

చాలా యానిమే సినిమాల జాప్యానికి మూలం హక్కుల పంపకంలో ఉంది. జపాన్‌లో ఒక సినిమాకు ప్రచురణ సంస్థ, టీవీ చానల్, ప్రకటనల సంస్థ, బొమ్మల కంపెనీ కలిసి కమిటీగా ఏర్పడి పెట్టుబడి పెట్టడం రివాజు. ఆ తర్వాత హక్కులను దేశాలవారీగా, గడువులవారీగా విడివిడిగా అమ్ముతారు. జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీకి చెందిన 21 సినిమాలను 2020 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మూడు విడతలుగా నెట్‌ఫ్లిక్స్ అందించింది. అమెరికా, కెనడా, జపాన్‌లకు మాత్రం అందులో చోటు దక్కలేదు. బోథ్‌లో తెరుచుకున్న సినిమా అదే రోజు అదే సంస్థలో డాలస్‌లోని బంధువుకు కనిపించలేదు. హక్కులు ప్రచురణ సంస్థ షించోషా చేతిలో ఉన్న జిబ్లీ సినిమా ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ ఆ 21లో లేనేలేదు. 1988 నాటి ఆ సినిమా నెట్‌ఫ్లిక్స్‌కు చేరేసరికి 2024 సెప్టెంబరు వచ్చింది. ఆ 21 జిబ్లీ సినిమాలకు 28 భాషల్లో సబ్‌టైటిళ్లు, 20 భాషల దాకా డబ్బింగు ఇస్తామని నెట్‌ఫ్లిక్స్ 2020లోనే ప్రకటించింది. పూనుకుంటే భాష అడ్డంకి కాదని సంస్థలే నిరూపించాయి.

బోథ్ ప్రాంతంలో ఇంట్లో గోండి, అంగట్లో మరాఠీ, బడిలో తెలుగు వినిపించే కుటుంబాలు ఎన్నో. ఆ పిల్లలకు పరుగెత్తే ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఇచ్చి సినిమా అందించామనడం అన్యాయం. అక్షరాలు చదివేలోగా బొమ్మ దాటిపోతుంది. గల్ఫ్‌కు పోయిన తండ్రి ఫోన్లో అదే సినిమా తెరిస్తే, తన పిల్లలు విన్న తెలుగు అక్కడ ఉంటుందన్న హామీ లేదు. చందా మాత్రం ఇద్దరి దగ్గరా వసూలవుతోంది.

దొంగ కాపీలను ఈ పత్రిక సమర్థించదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం పైరసీకి 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా విధిస్తోంది. అది సబబే. వేలమంది గీసిన బొమ్మను ఉచితంగా కాజేయడం వారి కూలి ఎగ్గొట్టడమే. కానీ దొడ్డిదారికి తాళం వేసిన ప్రభుత్వం రాజమార్గం తెరిచి ఉందో లేదో కూడా చూడాలి. 2021 ఐటీ నిబంధనలు ఓటీటీలకు వయసు వర్గీకరణను తప్పనిసరి చేశాయి. ఒక సినిమా ఏయే భాషల్లో ఉందో, ఏ తేదీ దాకా ఉంటుందో కూడా డబ్బు కట్టకముందే కనిపించేలా కేంద్రం నిబంధన తేవాలి.

హక్కుదారులు తెలుగు ఆడియోను దేశాల పేరిట కత్తిరించడం మానాలి. ఓటీటీ సంస్థలు కొత్త ఒప్పందం రాసేటప్పుడే, ఇప్పటికే ఉన్న డబ్బింగు కూడా సినిమా వెంటే వచ్చేలా షరతు పెట్టాలి. డబ్బింగు లేని చోట కనీసం తెలుగు సబ్‌టైటిళ్లు ఇవ్వాలి. ప్రేక్షకులూ ఊరుకోకూడదు. 2019లో యానిమే సినిమా ‘వెదరింగ్ విత్ యూ’ మన థియేటర్లకు వచ్చిందంటే అభిమానులు సంతకాలు సేకరించి అడిగినందువల్లే. ఆ పట్టుదల ఇప్పుడు తెలుగు కోసం కావాలి. బోథ్‌లో బిడ్డ, గల్ఫ్‌లో తండ్రి ఒకే సినిమాను ఒకే మాటతో చూసి, ఫోన్లో దాని గురించి ముచ్చటించుకోగలగాలి. అంతకన్నా తక్కువ ఇచ్చి పూర్తి చందా తీసుకునే హక్కు ఏ సంస్థకూ లేదు.